చాక్లెట్ తరుగు వ్యవహారం

ఒకటో ఉత్తరం

విషయం: తమ కిలో చాక్లెట్ దిమ్మను తూకపు రాయిగా వాడుకొనుటకు లిఖితపూర్వక హామీ కోరుట.

చాక్లెట్ కంపెనీ వినియోగదారుల సమాధాన విభాగాధికారి గారికి, తూనికలు కొలతల శాఖ మాజీ ఇన్‌స్పెక్టరు నమస్కరించి రాయునది.

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో తమ దిమ్మను నేను పద్నాలుగు సార్లు చెప్పాపెట్టకుండా వచ్చి తూచాను. పద్నాలుగు సార్లూ సరిగ్గా వెయ్యి గ్రాములే తూగింది. ఆ రోజుల్లో అది నన్ను కొంత నిరుత్సాహపరచిన మాట నిజమే. ఇప్పుడు మాత్రం అదే నాకు ఆధారమైంది.

నా భార్యకు అరిగిపోయిన తుంటి కీలు మార్చవలసి ఉంది. ఈలోగా పొడుగాటి జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆకలిని కూడా తీసుకుపోయింది. ఆమె ప్రస్తుత బరువు ముప్పై ఎనిమిది కిలోలు. "నలభై రెండుకు రానివ్వండి. అప్పటిదాకా నేను కత్తి ముట్టుకోను" అన్నారు డాక్టరు. అప్పటిదాకా ఆమె ప్రపంచం మంచం నుంచి కిటికీ వరకు, అదీ గోడ పట్టుకుని.

ఆసుపత్రి దూరం. నా పూర్వ ఉద్యోగాన్ని గౌరవించి, ప్రతి ఆదివారం ఇంట్లోనే తూచి నివేదిక పంపడానికి డాక్టరు అనుమతించారు. పదవీ విరమణ రోజున ధాన్యం వర్తకులు కన్నీళ్ళతో (అవి ఏ రకం కన్నీళ్ళో విచారించలేదు) ఇచ్చిన పెద్ద త్రాసు నా దగ్గర ఉంది. దాని సిబ్బెలో దిండు వేస్తే ఆమె సుఖంగా కూర్చోగలదు. లేనివి రాళ్ళు. శాఖ వారి రాళ్ళు అదే రోజు సంతకం పెట్టి అప్పగించేశాను. బజారులో దొరికే రాళ్ళను నమ్మలేను. వాటితో నాకు వ్యక్తిగత పరిచయం ఉంది.

కనుక ఒక సిబ్బెలో ఆమెను, రెండో సిబ్బెలో తమ దిమ్మతోనే కిలో కిలోగా తూచి నేను స్వయంగా నింపి సీలు వేసిన ముప్పై అయిదు కిలోల ఇసుక బస్తాను, దాని పైన తమ దిమ్మలు మూడింటిని ఉంచి తూస్తున్నాను. పిండి అయితే తేమ పీలుస్తుంది, సబ్బు అయితే ఎండిపోతుంది, పంచదార అయితే చీమలు పడతాయి. తమ దిమ్మ రేకు కాగితంలో, అట్టలో, ఉన్నచోట ఉంటుంది. తినేస్తారన్న భయం కూడా మా ఇంట్లో లేదు. ఉన్నది ఇద్దరమే. నాకు షుగరు వ్యాధి. ఆమెకు నలభై ఒక్క ఏళ్ళుగా తీపి గిట్టదు.

దిమ్మ బరువు కాలక్రమేణా మారదని ఒక్క మాట రాసి పంపగలరు. డాక్టరుగారి ఫైలులో ఉంచాలి.

ఇట్లు,
మాజీ ఇన్‌స్పెక్టరు

తా.క.: ఈ కవరు అతికించినది నా భార్య. ముప్పై ఏళ్ళు పుస్తకాలకు బైండింగు చేసిన చెయ్యి. విప్పేటప్పుడు తొందరపడవద్దని ఆమె మనవి.

రెండో ఉత్తరం

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

తమ ఉత్తరం అందింది. వచ్చిన ప్రతి ఉత్తరాన్ని అందులో ఎక్కువసార్లు కనిపించే మాటలను బట్టి వర్గీకరించడం మా విభాగపు పద్ధతి. తమ ఉత్తరంలో 'చాక్లెట్', 'భార్య', 'బరువు' ఉన్నందున దానిని నాలుగో వర్గం, అనగా 'కుటుంబ సభ్యుల స్థూలకాయం' కింద చేర్చి, తమ బాధను పంచుకుంటున్నాం.

'తీపి చాక్లెట్: పోషణ, నిత్యోపయోగాలు' అనే మా కరపత్రం జతపరిచాం. నూరు గ్రాములలో అయిదు వందల ముప్పై కిలోకాలరీల శక్తి, అరవై గ్రాముల పిండిపదార్థాలు (అందులో అధిక భాగం చక్కెరే), ముప్పై గ్రాముల కొవ్వు, అయిదు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయని తమరు గమనించగలరు. నిత్యోపయోగాలు ఆరు. నడిచి అలసినవారికి ఒక ముక్క, పాలలో కరిగించుకోవడానికి కొంత, కేకుల మీద పూతకు, చేదు మందు మింగినవారికి, అనుకోకుండా వచ్చిన అతిథికి, చివరిగా అలిగినవారికి.

అమ్మగారు దిమ్మలకు దిమ్మలు తినడం ఈ ఆరింటిలో దేని కిందికీ రాదు. రోజుకు రెండు చిన్న ముక్కలు చాలునని ఆమెకు ప్రేమగానే, కాని గట్టిగా చెప్పగలరు.

ఇట్లు,
సమాధాన విభాగాధికారి

తా.క.: చాక్లెట్‌ను వంటగదిలో పెట్టకూడదు. చల్లగా, చీకటిగా ఉండే గదిలో, చేతికి అందే ఎత్తులో ఉంచాలి. తమ కవరు విప్పడానికి మాకు పదకొండు నిమిషాలు పట్టింది. కార్యాలయంలో దాన్ని చూడటానికి జనం వచ్చారు.

మూడో ఉత్తరం

విషయం: తమ జవాబు వలన కలిగిన దిగ్భ్రాంతి.

అధికారి గారికి,

తమ ఉత్తరం చదివి నిలబడిన చోటే కూర్చున్నాను. అక్కడ కుర్చీ లేదన్న సంగతి తరువాత తెలిసింది.

నా భార్య దిమ్మలు తినడమా? ఆమె రెండు చెంచాల సూపు తాగితే ఆ రోజు నేను కాలెండరులో గుర్తు పెడుతున్నాను. పళ్ళెం ఆమె ముందు పెట్టేటప్పుడు, అరకిలో దాటితే తూచలేని వంటింటి చిన్న కాటా మీద తూస్తాను. తీసేటప్పుడు మళ్ళీ తూస్తాను. తేడాను పుస్తకంలో రాస్తాను. నిన్నటి మధ్యాహ్నం తేడా నలభై మూడు గ్రాములు, అందులో ఆరు గ్రాములు పళ్ళెం అంచున కారిపోయినవి. ఎదురుగా కూర్చుని ప్రతి చెంచానూ కళ్ళారా చూస్తున్నా ఆమె ఎందుకు తినలేకపోతున్నదో వైద్యశాస్త్రానికి కూడా అంతు పట్టలేదు.

ఇక తీపి గిట్టదన్న మాట ఉత్తినే అన్నది కాదు. పెళ్ళయిన కొత్తలో నేను ఆమె కోసం పావుకిలో మిఠాయి పొట్లం తెచ్చాను. చేతికి ఇచ్చే ముందు అలవాటు కొద్దీ తూచాను. ఆరు గ్రాములు తరుగు! ఆ పొట్లాన్ని సాక్ష్యంగా సీలు వేసి దుకాణం మీద కేసు పెట్టాను. కేసు గెలిచాను. ఆ సాయంత్రమే ఆమె, "నాకు తీపి గిట్టదండీ, ఇక తేకండి" అంది. నాటి నుంచి తేలేదు.

సంతోషకరమైన విషయం ఒకటి. తమ తా.క.ను శిరసావహించి, దిమ్మలను వంటగది నుంచి మా ఇంట్లోకెల్లా చల్లని గదికి, అనగా ఆమె గదికి, మంచం పక్కనున్న అలమారలోకి మార్చాను. మూడు వారాల తరువాత మొన్న ఆదివారం తూస్తే నాలుగో దిమ్మ వేస్తేగాని ముల్లు నడిమికి రాలేదు. ముప్పై తొమ్మిది!

నిత్యోపయోగాల పట్టికలో ఏడవదిగా 'తూకపు రాయి' అని చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
దిగ్భ్రాంతిలో ఉన్న మాజీ ఇన్‌స్పెక్టరు

తా.క.: ఆ కరపత్రం నా భార్య అడిగి తీసుకుని మూడుసార్లు చదివింది. పోషణ పట్టిక ఆమెకు బాగా నచ్చింది. "ఎంత వివరంగా రాశారండీ" అంది.

నాలుగో ఉత్తరం

గౌరవనీయులైన మాజీ ఇన్‌స్పెక్టరు గారికి,

తమ దిగ్భ్రాంతి మా దిగ్భ్రాంతుల రిజిస్టరులో 212వ సంఖ్యగా నమోదైంది. తమ ఉత్తరాన్ని నాలుగో వర్గం నుంచి తొలగించాం. ఏ వర్గంలోనూ ఇమడకపోవడంతో ప్రస్తుతం అది నా సొంత సొరుగులో ఉంది.

తమరు కోరిన హామీ ఇదిగో: 'సీలు చెక్కుచెదరనంత కాలం మా దిమ్మ ఒక్క గ్రాము కూడా తగ్గదు.' దీని మీద ముగ్గురం సంతకం చేశాం. నలభై రెండు కిలోలు తూచడానికి దిమ్మలు ఏడు కావాలి కదా. తక్కిన మూడింటిని కంపెనీ కానుకగా పంపుతున్నాం. అమ్మగారికి మా అందరి శుభాకాంక్షలు.

ఏడవ ఉపయోగం విషయం పాలకవర్గం దాకా వెళ్ళింది. తినకుండానే పనికొచ్చే చాక్లెట్ అన్న ఆలోచనకు వారు కొంత కలత చెందినా, చివరికి ఒప్పుకున్నారు. తూకపు రాయిగా సేవ చేసిన దిమ్మ ఒకదాన్ని, పని పూర్తయ్యాక మాకు పంపితే ముందు హాలులోని అద్దాల బీరువాలో ఉంచుతాం.

ఇట్లు,
సమాధాన విభాగాధికారి

తా.క.: పూటకు నలభై మూడు గ్రాములు తిని బరువు పెరగడం ఎలా సాధ్యమని మా విభాగంలో తీవ్ర చర్చ జరిగింది. మా ఆవిడ కూడా అడగమంది, కాని ఆమెకు కావలసింది వ్యతిరేక దిశలో.

అయిదో ఉత్తరం

విషయం: తీవ్ర దిగ్భ్రాంతి. దయచేసి కొత్త సంఖ్య వేయగలరు.

అధికారి గారికి,

మొన్న ఆదివారం ఏడవ దిమ్మ వేయగానే ముల్లు నడిమికి వచ్చి నిలిచింది. నలభై రెండు! డాక్టరుగారు శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చారు. ఈ రోజుకు సరిగ్గా తొమ్మిది రోజులు.

ఆ సంతోషంలో, తమరు అడిగిన దిమ్మను పార్సెలు చేయడానికి తపాలా కార్యాలయానికి వెళ్ళాను. కౌంటరులోని గుమాస్తా దాన్ని కాటా మీద పెట్టి, "ఏడు వందల ఎనభై" అన్నాడు.

"వెయ్యి" అన్నాను.

"ఏడు వందల ఎనభై అండీ. మీరే చూడండి."

"మీ కాటా తప్పు."

"పోయిన నెలే ముద్ర వేయించామండీ."

"ఎవరు వేశారు?"

"మీ తరువాత వచ్చినాయనే."

అతను నేను తయారు చేసిన మనిషి! కాటాను తిప్పి చూశాను, కింద చూశాను, వరుసలో నిలబడ్డ వాళ్ళందరినీ ఆపి మూడు సార్లు పరీక్షించాను. నా వెనకున్న ఆవిడ, "తాతగారూ, ఆ చాక్లెట్ ఇలా ఇచ్చేయండి, నేను తినేసి తగాదా తీరుస్తాను" అంది. కాటా సరిగ్గానే ఉంది. ఇంటికి పోయి తక్కిన ఆరూ తెచ్చాను. ఏడూ కలిపి అయిదు కిలోల నాలుగు వందల అరవై గ్రాములు. తరుగు కిలోన్నర పైచిలుకు!

అయ్యా, దీని అర్థం తమకు బోధపడుతున్నదా? నా భార్య బరువు నలభై రెండు కాదు, నలభైన్నర కూడా లేదు. ఆమె కొంత పెరిగింది, తమ దిమ్మలు కొంత తగ్గాయి, నేను రెండింటినీ కలిపి పండగ చేసుకున్నాను. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ తప్పుడు తూకాలు పట్టిన మనిషిని, నా ఇంట్లో, నా భార్యకే తప్పుడు తూకం వేసి డాక్టరుకు సంతకం పెట్టి పంపాను. ఆ సంతకాన్ని నమ్మి ఆయన ఆమె ఒంటి మీద కత్తి పెట్టబోతున్నారు.

ఆ ముగ్గురి సంతకాల హామీ నా ముందే ఉంది. సీళ్ళు చెక్కుచెదరలేదు. జవాబు చెప్పండి.

ఇట్లు,
ఏ విశేషణమూ వేసుకోలేని స్థితిలో ఉన్న మాజీ ఇన్‌స్పెక్టరు

తా.క.: తరుగు సంగతి నా భార్యకు ఇంకా చెప్పలేదు. కవరు ఆమె చేతే అతికించాలి కనుక ఉత్తరాన్ని మడిచి ఇస్తున్నాను. దిమ్మ పార్సెలులో ఉంది.

ఆరో ఉత్తరం (అత్యవసరం)

గౌరవనీయులైన మాజీ ఇన్‌స్పెక్టరు గారికి,

తమ దిగ్భ్రాంతి సంఖ్య 213. అదే రోజున మా దిగ్భ్రాంతికి కూడా రిజిస్టరు తెరిచాం. సంఖ్య 1.

దిమ్మను ప్రయోగశాలలో పరీక్షించాం. పై అట్ట చెక్కుచెదరలేదు. రేకు కాగితానికి ఒక్క ముడత లేదు. పై ముఖం మీద మా ముద్ర స్పష్టంగా ఉంది. అడుగు భాగాన పలచని చాక్లెట్ పలక. ఆ పలక తీస్తే లోపల డొల్ల! ఆ దృశ్యం చూసి మా ప్రయోగశాలాధికారి ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి టీ వద్దన్నారు. గాలి బుడగా? అయితే అంత నున్నగా ఉండదు. పురుగా? అయితే తలుపు మూసి వెళ్ళదు. అచ్చు పోసే యంత్రాన్ని ఈ ఉదయం నుంచి ఆపివేశాం. దాని పక్కన ఒక గార్డును నిలబెట్టాం. యంత్రం పారిపోతుందని కాదు, మరేం చేయాలో తోచక.

నియమానుసారం ఒక ప్రశ్నపత్రం జతపరుస్తున్నాం. మొదటి ఎనిమిది ప్రశ్నలు ఎలుకల గురించి. తొమ్మిదో ప్రశ్న, 'ఇంట్లో ఎవరైనా తింటున్నారా?' అన్నది. ఇది అందరినీ అడిగేదే కనుక తమరు అవమానంగా భావించవద్దని నా ప్రార్థన. శస్త్రచికిత్స తేదీ విషయం ముందు డాక్టరుగారికి చెప్పండి. చాక్లెట్ సంగతి తరువాత చూసుకుందాం.

ఇట్లు,
సమాధాన విభాగాధికారి

తా.క.: ఇది అధికారిక నివేదికలో లేదు. డొల్ల లోపలి గోడలకు మా ప్రయోగశాలాధికారి ఒక టీ చెంచాను ఆనించి చూశారు. సరిగ్గా సరిపోయింది. ఆ పనితనానికి ఆయన చేతులు జోడించారు.

ఏడో ఉత్తరం

విషయం: ఫిర్యాదు ఉపసంహరణ. నిందితుని వాంగ్మూలం జతపరచుట.

అధికారి గారికి,

తమ యంత్రం నిర్దోషి అని ఉత్తరం అందిన రోజే ఫోనులో చెప్పాను. కారణం కాగితం మీద పెట్టడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి తొమ్మిది వారాలు గడిచాయి. ఆలస్యానికి మన్నించగలరు.

ఆ రోజు ప్రశ్నపత్రం పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఎలుకల గురించి ఎనిమిది ప్రశ్నలకూ 'లేవు' అని రాసి, తొమ్మిదోది చదివి నవ్వాను. ఆమె నవ్వలేదు.

"రాయండి" అంది.

"ఏం రాయను?"

"తింటున్నారు అని."

"ఎవరు?"

"ఈ ఇంట్లో ఇంకెవరున్నారండీ?"

పెన్ను కింద పడింది. తీసుకోవడానికి వంగినవాణ్ణి చాలాసేపు మంచం కిందే ఉండిపోయాను. అక్కడ ఒక టీ చెంచా, ఒక జిగురు డబ్బా కనిపించాయి.

"నీకు తీపి గిట్టదు కదే!" అన్నాను, అక్కడి నుంచే.

"గిట్టదని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. ఆ పొట్లం కేసు రోజున."

"పొట్లం కోర్టుకు పోయింది కదండీ. గిట్టదనుకుంటే కాస్త ఊరటగా ఉంటుందని అన్నాను. నలభై ఒక్క ఏళ్ళు మీరు మళ్ళీ అడగలేదు."

"ఆకలి లేదన్నావు!"

"పళ్ళెం తూచి పెట్టి, ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చుంటే ముద్ద దిగుతుందా? దగ్గినా రాసుకుంటారు. తూకం వెయ్యనిది ఏదైనా ఒక్కటి తినాలనిపించింది. ఇల్లంతా వెతికి చూశాను. ఉప్పు తూచారు, మందులు తూచారు, నన్ను తూచారు. ఈ ఇంట్లో మీరు తూచనిది తూకపు రాయి ఒక్కటే."

అధికారి గారూ, తూగవలసిన మనిషే తూకపు రాయిని తినడం నా అనుభవంలో ఇదే ప్రథమం. ఇది చట్టంలో ఏ సెక్షను కిందికీ రాదు. వెతికాను.

రోజుకు నాలుగు చెంచాలతో మొదలుపెట్టిందట. వారం తిరిగేసరికి అసలైన ఆకలి లేచి, నేను బజారుకు వెళ్ళిన సమయాల్లో రొట్టె, గుడ్లు కూడా నడిచాయట. "తప్పుడు తూకం అవుతుందని తోచలేదా?" అని అడిగాను. "మొదట్లో తోచలేదు. తోచాక చెబుదామనే అనుకున్నాను. కాని ఆదివారం ముల్లు చూసి మీ ముఖం అలా వెలిగిపోతుంటే నోరు రాలేదు. తేదీలోపు నిజంగానే నలభై రెండు చేసేద్దామని ఇంకో రెండు చెంచాలు ఎక్కువ తిన్నాను" అంది.

డాక్టరుకు అంతా చెప్పి నా సంతకాలు వెనక్కి తీసుకున్నాను. ఆసుపత్రి కాటా మీద ఆమె నలభైన్నర తూగింది. ఆయన చాలాసేపు నవ్వి, తేదీని నాలుగు వారాలు వాయిదా వేసి, చీటీ మీద ఇలా రాశారు: 'దొంగతనం మూడు పూటలా కొనసాగించవలెను. భర్త ఆ సమయంలో ఇంట్లో ఉండరాదు.' నేను పాటించాను. పూటకు ఒకసారి గొడుగు తీసుకుని వీధి చివర నిలబడ్డాను. ఎండ లేదు, వాన లేదు. నాలుగు వారాలకు అదే కాటా మీద నలభై రెండుంబావు! శస్త్రచికిత్స బాగా జరిగింది.

త్రాసును పాత సామాన్ల గదిలో పెట్టించాను. పోషణ పట్టికను ఆమె మంచం పక్కన గోడకు అంటించుకుంది. మిగిలిన ఆరు దిమ్మల్లో మొదటి దాని నుంచి నిన్న నా చేత్తో ఒక ముక్క విరిచి, తమ కరపత్రంలోని ఆరో ఉపయోగం (అలిగినవారికి) కింద ఆమెకు ఇచ్చాను. నలభై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా. అది ఎన్ని గ్రాములో తెలియదు. ఈ మాట రాయడానికి నాకు ఎంత కష్టమైందో తమరు ఊహించలేరు.

ఏడవ ఉపయోగాన్ని పట్టికలో నుంచి కొట్టివేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
మాజీ ఇన్‌స్పెక్టరు

తా.క. (ఇది నేను, నిందితురాలిని): బాబూ, కవరు అతికించేది నేనే కనుక ఈయన ఉత్తరాలన్నీ చదివే అతికించాను, మడిచి ఇచ్చినవి కూడా. మీ అట్ట మీది జిగురు మరీ పలచన. దిమ్మలన్నిటికీ నా జిగురే వేశాను, ఇకనైనా మంచిది వాడండి. డొల్లకు దణ్ణం పెట్టిన ఆయనకు నా నమస్కారాలు. ఇంకో దిమ్మ పంపేట్టయితే దాని మీద బరువు అచ్చు వేయకండి. ఈ ఉత్తరం తపాలా డబ్బాలో వేయడానికి వీధి చివరి దాకా నేనే నడిచి వెళ్తున్నాను. ఈయన పక్కనే వస్తానంటున్నారు, రమ్మన్నాను. అడుగులు మాత్రం లెక్కపెట్టనని ఒట్టు వేయించుకున్నాను. అప్పుడే పెదవులు కదులుతున్నాయి, చూడాలి.